తోడుకోని పాలు

వరుసగా మూడో పొద్దున కూడా వజ్రమ్మ గిన్నె మీద మూత తీసి, వేలు ముంచి చూసి, టక్కున మూత పెట్టేసింది. పాలు పాలలాగే ఉన్నాయి. అడుగున కాస్త జిగటగా సాగుతున్నాయి, అంతే. నలభై ఏళ్లుగా ఆ చెయ్యి తోడేసిన పెరుగు, గిన్నె వంచినా కదిలేది కాదు.

వసారాలో చాప మీద ముడుచుకుని కూర్చున్న తేజస్వికి ఆ మూత చప్పుడే చాలు, సంగతి తెలిసిపోయింది. తొమ్మిదో తరగతి చదివే ఆ పిల్లకు మామూలుగానే మాట తక్కువ. ఈ మూడు రోజుల్లో ఆ ఉన్న మాట కూడా పోయింది. ముట్టయిన రోజు సాయంత్రం, అవ్వ మోకాళ్లు పట్టేసి లేవలేకపోతుంటే, తనే వంటింట్లోకి పోయి తోడు ఉంచే చిన్న మట్టి గురిగి తెచ్చి ఇచ్చింది. అప్పటికి ఆ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి సిగ్గేసింది. మొదటిసారి చెడింది ఆ సాయంత్రం వేసిన తోడే.

"గురిగి ముట్టినవ్ గదా," అంది వజ్రమ్మ గడప దగ్గరికి వచ్చి. "ఒక్క మాట జెప్తే నేనే పాక్కుంట పోయి తెచ్చుకుందును."

"మర్శిపోయిన అవ్వా."

"ఏం మర్శిపోవుడో. పద్నాలుగేండ్లొచ్చె. బుచ్చమ్మ ఇంట్లకెళ్లి వేరే తోడు తెచ్చి ఏస్తి, అదీ పాయె. ఇగ నీ నీడ గూడ పడ్తాంది గిన్నెల మీద."

పరమేశ్ నల్లా దగ్గర క్యాన్లు కడుగుతూ ఇదంతా విన్నాడు. మూడు బర్రెల పాలూ కలిపి తోడేసి, ఆ పెరుగు రోజూ పొద్దున బండి మీద కండ్లకోయలోని ఒక చిన్న హాస్టల్ మెస్సుకు వేసి వస్తాడు. ఆ ఇల్లు నడిచేదే దాని మీద. మెస్సు చూసుకునే మధుసూదన్ నిన్ననే ఫోన్‌లో గట్టిగా చెప్పాడు, ఇంకొక్క రోజు ఇట్లాగే ఉంటే ప్యాకెట్ పెరుగు తెప్పించుకుంటానని.

"పోనియ్యే అమ్మా," అన్నాడు పరమేశ్ తలెత్తకుండా. "పోరికేం ఎరుక. వచ్చే నెల నుంచి జాగర్తగుంటది."

నాయిన తన తరఫున మాట్లాడాడని తేజస్వికి కళ్లలో నీళ్లు తిరిగాయి. తన చేతుల వైపు చూసుకుంది. నిజంగా ఆ చేతుల్లోనే ఏదో ఉందేమో అనిపించింది.

కానీ ఒక అనుమానం మాత్రం ముల్లులా మిగిలింది. బడిలో సుప్రజ మేడమ్ పెరుగు గురించి చెప్పింది. తోడులో కోట్ల కొద్దీ బ్యాక్టీరియా ఉంటుంది, అది పాలలోని చక్కెరను తిని పులుపు చేస్తుంది, ఆ పులుపుకే పాలు గట్టిపడతాయి. కళ్లూ చెవులూ లేని ఆ చిన్న ప్రాణానికి గురిగి ఎవరు పట్టుకున్నారో ఎట్లా తెలుస్తుంది? క్లాసులో లేచి ఇది అడగడం తేజస్వి వల్ల అయ్యే పని కాదు. పైగా ఇప్పుడు బడికి సెలవులు. అమ్మను అడుగుదామంటే ఆమె మందుల కంపెనీలో ప్యాకింగ్ పనికి ఆరింటికే బస్సెక్కి పోతుంది, పొద్దుగూకి అలిసిపోయి వస్తుంది.

ఆ మధ్యాహ్నం కొట్టం వెనక స్నానానికి పోయినప్పుడు, రేకుల సందులో దోపిన ఖాళీ ప్లాస్టిక్ ట్యూబులు కనిపించాయి. నాలుగు. సన్నటి మూతి ఉంది, బర్రె చన్నులోకి మందు ఎక్కించేవి. వాటి మీది ఇంగ్లీషు అక్షరాలను ఒక్కొక్కటే కూడబలుక్కుని చదివింది. యాంటీబయోటిక్. ఆఖరి ట్యూబు ఎక్కించినంక నాలుగు రోజుల పాలు మనుషులకు వాడొద్దు.

కొట్టం తలుపు సందులోంచి, నుదుట తెల్ల మచ్చున్న చుక్క బర్రెను చూసింది. పొదుగు ఒక పక్క ఎర్రగా ఉబ్బి ఉంది. దగ్గరికి పోయి చెయ్యి పెట్టింది. వేడిగా తగిలింది. మోకాళ్ల నొప్పులతో అవ్వ కొట్టం దాకా రాక రెండు నెలలైంది. పాలు పిండేది నాయిన ఒక్కడే.

మేడమ్ చెప్పిన పాఠం అక్కడే నిలబడి గుర్తు చేసుకుంది. బ్యాక్టీరియా ఒక్క కణమే అయినా దానికి సొంత ఒళ్లుంటుంది, చుట్టూ గోడ ఉంటుంది. వైరస్‌కు అవేవీ లేవు. మన కణంలోకే దూరి, దానితోనే తనలాంటివాటిని చేయించుకుంటుంది. అందుకే జలుబుకు యాంటీబయోటిక్ మింగినా వైరస్‌కు ఏమీ కాదు. చాలా యాంటీబయోటిక్‌లు కూల్చేది ఆ గోడనే. పొదుగు వాపు తెచ్చే బ్యాక్టీరియాకు గోడ ఉంది. పాలను పెరుగు చేసేదానికీ ఉంది. మందు రెండింటినీ వేరుగా చూడదు. పాలు కాచినా ఆ మందు పోదు.

అప్పుడు గుర్తొచ్చింది, నాయిన పొద్దున తలెత్తకుండా అన్న మాట.

సాయంత్రం పరమేశ్ రెండు బకెట్లు వసారాలో పెట్టి, మూడో బర్రె దగ్గరికి పోయాడు. చుక్క బర్రె పాలు ఎర్ర బకెట్‌లో ఉన్నాయి. తేజస్వి రెండింట్లోంచీ ఒక్కో గ్లాసు ముంచుకుని, చున్నీ చాటున పట్టుకుని వెనక సందులోంచి పక్కింటి బుచ్చమ్మ దగ్గరికి పోయింది.

"ఏందే, మీ ఇంట్ల పాలు అలిగినయట?" అంది బుచ్చమ్మ నవ్వుతూ.

"పెద్దమ్మా, గివి కాచుకోనిస్తవా? జెరంత తోడు గావాలె." ఆగి, నేల చూస్తూ చెప్పింది. "నేను బయటున్న."

"నా ఇంట్ల లోపల్లేదు, బయట లేదు. ఉన్నది ఒక్కటే అర్ర," అంది బుచ్చమ్మ. "పొయ్యి ముట్టిచ్చుకో."

వేర్వేరుగా కాచి, గోరువెచ్చగా చల్లార్చి, రెండు గిన్నెల్లో ఒకే తోడు, ఒకే చెంచాతో, తన చేతితోనే వేసింది తేజస్వి. చుక్క బర్రె పాలున్న గిన్నెకు దారం కట్టింది. రెండూ తోడుకోకపోతే తప్పు తనది. దారం లేనిది ఒక్కటే తోడుకుంటే నాయినది. ఏది కావాలని దండం పెట్టుకోవాలో ఆమెకు తెలియలేదు.

తెల్లారి ఆ గిన్నెలు తెచ్చి వసారాలో అవ్వ ముందు పెట్టింది. వజ్రమ్మ మొదటి గిన్నెలో వేలు పెట్టింది. వేలు పెట్టినచోట పెరుగు గుంట పడి అట్లాగే నిలిచింది. దారం కట్టిన గిన్నెలో వేలు మునిగిపోయింది.

"ఎవలేసిన్రు గీ తోడు?"

"నేనే అవ్వా. రెండూ నేనే ఏసిన, గీ చేత్తోనే." "దారం గట్టింది చుక్క బర్రె పాలు."

క్యాన్లు బండికి కడుతున్న పరమేశ్ చెయ్యి ఆగింది. వజ్రమ్మ కొడుకు వైపు తిరిగింది.

"పొదుగు వాసిందా?"

"తగ్గుతాందమ్మా. నిన్ననే ఆఖరి ట్యూబ్ ఎక్కిచ్చిన."

"నేను మూడొద్దుల సంది పిల్లను తిడ్తాన్న. నువ్ ఇనుకుంటనే ఉన్నవ్."

పరమేశ్ చేతిలోని తాడు వదిలేశాడు. వజ్రమ్మ గోడ పట్టుకుని లేచి లోపలికి పోయింది. పోతూ మనవరాలి వైపు చూడలేదు.

బండి స్టాండు మీదే ఉంది. పరమేశ్ వచ్చి కూతురి ముందు నిలబడ్డాడు. కోపంగా లేడు. అదే తేజస్వికి కష్టంగా తోచింది.

"నాకు ఒక్కనికి జెప్పొద్దా బిడ్డా? అవ్వ ముందట బెట్టాల్నా?"

మామూలుగా అయితే ఆమె తల దించుకుని ఊరుకునేది.

"నువ్వు గూడ అవ్వ ముందట జెప్పలే గద, నాయినా."

పరమేశ్ మొహం మాడిపోయింది. జేబులోంచి ఫోన్ తీసి, మధుసూదన్‌కు చేశాడు.

"సార్, బర్రెకు పొదుగు వాపు. మందు ఎక్కిచ్చిన. అగో, గందుకే తోడుకుంటలేదు... అవు సార్, ఎరుకుండే పోసిన. నాల్గొద్దులు ఆ పాలు పొయ్య." అవతల మధుసూదన్ ఏదో అంటున్నాడు. పరమేశ్ 'అవు సార్, అవు సార్' అంటూ విన్నాడు. చివరికి ఫోన్ చెవి నుంచి తీసి, తెర వైపు చూశాడు.

"ఇగ రావొద్దన్నడు," అన్నాడు ఎవరితోనూ కాదన్నట్టు.

మధ్యాహ్నం తేజస్వికి అన్నం అవ్వే తెచ్చి చాప పక్కన పెట్టింది. కంచంలో కొత్త పెరుగు లేదు, పచ్చిపులుసు ఉంది. తప్పు తనది కాదని తేలితే గుండె తేలికపడుతుందనుకుంది ఆ పిల్ల. పడలేదు. నెగ్గినట్టు లేదు, ఇంట్లో ఏదో తన చేతుల్లోంచే జారి పడినట్టుంది.

పిండకపోతే వాపు ఇంకా ఎక్కువవుతుంది. సాయంత్రం పరమేశ్ చుక్క బర్రె దగ్గర కూర్చున్నాడు. పాలు ఎర్ర బకెట్‌లో నురగతో, ఎప్పటిలా తెల్లగా పడుతున్నాయి. కొట్టం వెనక తనే తవ్విన గుంత దగ్గరికి బకెట్ పట్టుకుపోయి, ఒక క్షణం ఆగి, ఒంపేశాడు. వాసనకు వీధికుక్క ఒకటి తోక ఊపుకుంటూ వచ్చింది.

"అదిలియ్యి బిడ్డా," అన్నాడు పరమేశ్.

పొద్దుటి నుంచి నాయిన తనతో మాట్లాడలేదు. తేజస్వి మట్టిపెల్ల తీసుకుని కుక్కను అదిలించింది. తరవాత పార అందుకుంది. ఇద్దరూ కలిసి గుంత పూడ్చసాగారు.