కౌసాబాయి బొటనవేలు

పొద్దు పొడవకముందే కౌసాబాయి జొన్నరొట్టెలు కాల్చి, మిరపకాయ నూరి, రెండూ గుడ్డలో మూటకట్టుకుని చెరుకుతోటకి బయల్దేరేది. మొగుడు దాదారావు గడలు నరికేవాడు. ఆమె కట్టలు కట్టి, నెత్తిన పెట్టుకుని లారీకెక్కించేది.

ఇరవై ఆరో ఏట నడుంనొప్పని తాలూకా ఊళ్ళో డాక్టర్ నిర్గుడ్కర్ దగ్గరికి వెళ్ళింది. ఆయన సూది పొడిచాడు. మెలకువ వచ్చేసరికి పొత్తికడుపు మీద కుట్లు, కుడి బొటనవేలికి నీలం సిరా.

"గర్భసంచి తీసేశానే. ఉంచితే క్యాన్సరయ్యేది."

"నన్నడగలేదేం సాహెబ్?"

"వేలిముద్ర వేశావుగా!"

ఆమెతో పనిచేసే ఆడవాళ్ళలో సగంమంది అలా వేసినవాళ్ళే.

ఆమె కుట్లు మానేలోగా డాక్టరు బొటనవేలి మీద గీతలు చెరిగిపోయి, కౌసాబాయి గీతలు మొలిచాయి, కొడవలికి తెగిన గాటుతో సహా. రిజిస్ట్రారాఫీసులో డాక్టరు యంత్రం మీద వేలు పెడితే ఆమె పేరొచ్చింది. గుమాస్తా తలెత్తకుండానే, "ఈ వేలుగలావిణ్ణి తీసుకురండి. తర్వాతెవరు?" అన్నాడు.

రెండేళ్ళకి డాక్టరు పిత్తాశయంలో రాళ్ళు చేరాయి. పుణేలో పెద్ద డాక్టర్లు ఆపరేషన్ చేద్దామన్నారు. తీరా ఒప్పుకోలు కాయితం మీద ఆయన ముద్ర చూసి, "ఇది కౌసాబాయిది. ఆవిడ ఒప్పుకోందే కత్తి పెట్టం" అని పంపేశారు.

కడుపు పట్టుకుని ఆయన చెరుకుతోటకి వచ్చాడు.

"కౌసాతాయీ, ఈ కాయితం మీద వేలు వెయ్యమ్మా."

"ఇప్పుడు మీకు తాయీని, అక్కనయ్యానా? ఏం రాశారందులో? చదవండి."

చదివాడు.

"గట్టిగా. వెనకాల వాళ్ళకి వినబళ్ళేదు."

కొడవళ్ళు ఆపి ఆడవాళ్ళంతా చుట్టూ చేరారు. ఎండలో నిలబడి మళ్ళీ మొదటినించీ చదివాడు.

"కోతే గతా? వేరే దారి లేదా?"

"ఉంది... నూనె మానేసి, మాత్రలు మింగుతూ ఉండొచ్చు. నొప్పి మాత్రం వస్తూ పోతూ ఉంటుంది."

"నాకు చెప్పారా, వేరే దారుందని?"

ఆయన కాయితంలోకి తల దించుకున్నాడు.

"నోట్లో చెరుకుముక్కేమైనా ఉందేమో చూడవే!" అంది వెనకనించి సరూబాయి. అందరూ పగలబడి నవ్వారు. కౌసాబాయి మాత్రం నవ్వలేదు.

"తొందరపెట్టకండి సాహెబ్. ఆలోచించుకోవాలి."

ఆ సీజనంతా ఆయన వారంవారం వచ్చాడు. చదివిన కాయితమే చదివాడు. ఆమె ప్రతిసారీ కొత్త ప్రశ్న అడిగింది, జవాబు శ్రద్ధగా వింది. నొప్పితో ఆయన వంగిపోతే నీళ్ళిచ్చింది, వేలివ్వలేదు.

కోతలైపోయి కూలీలు సొంతూళ్ళకి లారీ ఎక్కేరోజున ఆయన పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"ఏం తేల్చుకున్నావు తాయీ?"

ఆమె లారీ మీంచి వంగి కాయితం తీసుకుంది. వేలు వెయ్యాల్సిన తెల్లటి చోటుని కాసేపు చూసింది. మడతపెట్టి ఆయన చొక్కా జేబులో జాగ్రత్తగా పెట్టింది.

"వద్దు" అంది.