రేణుక పేరుతో వచ్చిన చెయ్యి

తొమ్మిదో పిల్ల ఎడమ చెయ్యి బల్లమీద పెట్టి తల పక్కకు తిప్పుకుంది. సూది వేయడం శనివారమే అయిపోయిందనీ, ఈ రోజు ఊరికే చూడడమేననీ సిద్దయ్య పొద్దుటినుంచి ఎనిమిదిసార్లు చెప్పాడు. అయినా తల తిప్పుకోవడం ఎవరూ మానలేదు.

ఆయన కళ్ళద్దాలు నుదుటిమీదికి నెట్టి, కళ్ళు మూసుకుని, సూది పడిన చోట చూపుడువేలితో మెల్లగా తడిమాడు. పైన కనబడే ఎరుపుతో ఆయనకు పనిలేదు. చర్మం కింద గట్టిపడిందా లేదా అన్నదే చూసుకోవాలి. ముంజేతి అంచునుంచి బాల్‌పెన్నుతో గీత గీసుకుంటూ వచ్చి, పెన్ను దేనికో తగిలినట్టయిన చోట ఆపాడు. అవతలి అంచునుంచి ఇంకో గీత. అద్దాలు దించుకుని రెండు గీతల మధ్య ప్లాస్టిక్ స్కేలు ఆనించాడు. ముంజేతి మీద, మణికట్టుకు కాస్త పైన, పాతబడిన కాలిన మచ్చ ఒకటి రావి ఆకంత ఉంది.

"ఆరు మిల్లీమీటర్లు. నీకేం లేదు పాపా. పేరు?"

"మంజుశ్రీ సార్."

రాసుకున్నాడు. పదో పిల్ల వచ్చి కూర్చుంది.

జమ్మలమడుగులో టీబీ మందులిచ్చే ఆ గది చిన్నది. ఒక బల్ల, ఒక కుర్చీ, ఒక బీరువా, గోడకానుకుని బెంచీ. ప్రొద్దుటూరు నుంచి వచ్చిన నలభైమంది బీఎస్సీ నర్సింగు పిల్లలు ఆ బెంచీ చాలక వరండాలో బారులు తీరి ఉన్నారు. రేపు పొద్దున ఆరింటికి వాళ్ళ బస్సు పులివెందులకు బయల్దేరుతుంది. అక్కడ ఆసుపత్రిలో, పసిపిల్లల వార్డులో, ఆరువారాల పని. రోగుల మధ్యకు పంపేముందు ప్రతి విద్యార్థికీ ఆరోగ్య పరీక్షలు జరగాలని యూనివర్సిటీ నియమం. కామెర్ల టీకా చీటీ, రక్తపరీక్ష కాగితం ఫైల్లో ముందే చేరాయి. మిగిలింది టీబీ. చేతిమీద పదికి మించి గట్టిపడితే ఎక్స్‌రే తీయాలి. ఆ ఎక్స్‌రే బాగుంటేనే సిద్దయ్య సంతకం.

ఆయనకు యాభై ఎనిమిదేళ్ళు. పొడుగుమనిషి. ఎడమభుజం కుడిదానికంటే రెండంగుళాలు కిందికి జారి ఉంటుంది. కుర్రతనంలో టీబీ ఆ పక్క ఊపిరితిత్తిని సగం తినేసింది. అందుకే ఏ చొక్కా తొడిగినా ఆయన మీద ఓరగా వేలాడుతుంది. తొండూరు దగ్గర గొర్రెలు మేపుకునే కుటుంబం. బొచ్చు కింద చెయ్యిపోనిచ్చి గడ్డ ఎక్కడుందో చెప్పడం పదేళ్ళప్పుడే తండ్రి నేర్పాడు. ఆ వేళ్ళే ఈ ఉద్యోగంలో పనికొచ్చాయి. ఇరవయ్యారేళ్ళుగా కాంట్రాక్టు మనిషి. ఆయనకు ముఖాలు గుర్తుండవు. సంతలో ఎవరైనా నమస్కారం పెడితే తెల్లమొహం వేస్తాడు. ఆ మనిషి చెయ్యి చాపితే మాత్రం, ఏ సంవత్సరం మందులు వాడాడో చెప్పేస్తాడు.

ఇరవై మూడో పేరు పిలిచాడు. "రేణుక."

ఒక పిల్ల వచ్చి చెయ్యి పెట్టింది. సిద్దయ్య కళ్ళు మూసుకుని తడిమాడు. వేలు ఆగింది. కళ్ళు తెరిచాడు. రావి ఆకంత మచ్చ.

"నువ్వు మంజుశ్రీవి గదా పాపా."

ఆ పిల్ల చెయ్యి వెనక్కి లాక్కుంది.

"మొకం మారిస్తే నాకు తెలిసేది కాదు. చెయ్యి యాడికి పోతాది? రేణుకను పిలుచుకు రా పో."

అసలు రేణుక చివరన వచ్చింది. సన్నగా, పొట్టిగా ఉంది. యూనిఫారం నడుము దగ్గర పిన్నీసు పెట్టి కుదించుకుంది. చెయ్యి తనే చాపలేదు. సిద్దయ్య మణికట్టు పట్టి తిప్పాడు. కళ్ళు మూసుకోవలసిన అవసరం కూడా లేకపోయింది. మధ్యలో చిన్న నీటిపొక్కు, చుట్టూ రూపాయి బిళ్ళను చర్మం కింద దాచినట్టు గట్టిదనం. స్కేలు పెట్టాడు. ఇరవై రెండు.

"దగ్గెప్పటినుంచి?"

"దగ్గు లేదు సార్," అంది. ఆ మాట పూర్తి చేయడానికే రెండుసార్లు దగ్గింది.

సిద్దయ్య లేచి కిటికీ రెక్కలు బార్లా తెరిచాడు. ఒక మాస్కు ఆమె చేతికిచ్చి, తనూ ఒకటి కట్టుకుని మళ్ళీ కూర్చున్నాడు. నెలరోజులుగా దగ్గుతున్నట్టూ, సాయంత్రాలు ఒళ్ళు కాలుతున్నట్టూ, రాత్రులు దిండు తడిసిపోతున్నట్టూ ఒక్కొక్కటే బయటికొచ్చాయి.

"ఏ ఊరు మీది?"

"తొండూరు సార్. మా నాయన గొర్రెలు మేపుతాడు."

"ఏంటికి దాసినావు?"

"తెలిస్తే పోస్టింగుకు పంపరు. హాజరు తగ్గితే ఏడాది పోతాది. ఏడాది పోతే మా నాయన చదువింక సాలంటాడు." మాస్కు సర్దుకుని అంది, "మా ఊర్లో నర్సయిన పిల్ల ఒక్కతీ లేదు సార్."

సిద్దయ్య పెన్ను మూత పెట్టాడు.

"నేనూ దాసినా," అన్నాడు.

అంతకు మించి ఆయన ఎవరితోనూ చెప్పేవాడు కాదు. ఇరవయ్యేళ్ళప్పుడు కళ్ళె మట్టిలో ఊసి, పైన కాలితో మట్టి కప్పి, ఆర్నెల్లు నెట్టుకొచ్చాడు. క్షయ అని తెలిస్తే మందలోకి రానివ్వరు, పిల్లనివ్వరు. అన్న కొడుకు రెండేళ్ళవాడు, రోజూ ఆయన రొమ్మునే పడుకునేవాడు. వాడి మెడ బిగుసుకుపోయి, చూపు నిలిచిపోయిన రోజున ప్రొద్దుటూరు డాక్టరు అడిగాడు, ఇంట్లో దగ్గేవాళ్ళెవరని. వదిన ఒక్కతే సిద్దయ్య వైపు చూసింది. పిల్లవాడు ఐదోరోజు పోయాడు. వదిన ఆయన్ను ఒక్కమాటా అనలేదు. అని ఉంటే ఈ ఉద్యోగానికి వచ్చేవాణ్ణి కాదేమో అని ఆయన అప్పుడప్పుడూ అనుకుంటాడు.

"పులివెందులలో నిన్నేసేది యాడ?" అన్నాడు.

"పసిపిల్లల వార్డు."

"ఆ ముక్క నీ నోటితోనే ఇంకోసారి చెప్పు."

రేణుకకు మాస్కు పైన కళ్ళు నిండాయి.

సిద్దయ్య చిన్న ప్లాస్టిక్ డబ్బా ఇచ్చి, దగ్గి కళ్ళె పట్టుకురమ్మని ఎండలోకి, ఆరుబయటికి పంపాడు. పక్క గదిలో ల్యాబు చూసే గౌసియా ఆ డబ్బాను వెలుతురుకు పెట్టి పెదవి విరిచింది. "ఇది ఎంగిలి మామా. కళ్ళె కాదు. మిషను ఒప్పుకోదు."

"రేపు పొద్దున లేస్తానే, మొకం కడగకముందు, లోపల్నుంచి దగ్గి పట్టుకురా పాపా," అన్నాడు సిద్దయ్య. "వస్తావా, బస్సెక్కి పోతావా?"

రేణుక కొత్త డబ్బా చున్నీలో చుట్టుకుని వెళ్ళిపోయింది.

మధ్యాహ్నానికి లెక్క తేలింది. ముప్పై రెండుమందికి ఏమీ లేదు. రేణుకతో కలిపి ఎనిమిదిమందికి పది దాటింది. ఆ ఎనిమిదిమందికీ ఎక్స్‌రే తీయాలి. ఎక్స్‌రే గదిలో ఆ పూటకు మనిషి లేడు, రేపే అన్నారు.

మూడింటికి కాలేజీ యజమాని గురుమూర్తి వచ్చాడు. ప్రొద్దుటూరులో మూడు తరాల బట్టల వ్యాపారం, పదేళ్ళుగా ఈ కాలేజీ. గొంతెత్తి మాట్లాడే మనిషి కాదు. పిల్లలందరికీ మజ్జిగ ప్యాకెట్లు పంచిపెట్టించి, సిద్దయ్యకు ఒకటి తనే చించి ఇచ్చాడు.

"ఎనిమిది మందీ తగ్గితే ఆ ఆసుపత్రోళ్ళు మన బ్యాచినే వద్దంటారప్పా. ఆ తావు కోసరం ఇంకో రెండు కాలేజీలు కాసుకోనుండాయి. నలభై మంది ఏడాదీ గంగలో కలుస్తాది. ఆ ఎనిమిది మందికీ ఐదో, ఆరో రాసి సంతకం పెట్టు. ఎక్స్‌రేలు పదిరోజుల తర్వాత నేనే దగ్గరుండి తీయిస్తా."

ఆ మాటలో అబద్ధం లేదని సిద్దయ్యకు తెలుసు. నలభైమంది ఏడాది అంటే చిన్న విషయం కాదు. మజ్జిగ తాగి, ప్యాకెట్టు మడిచి బుట్టలో వేశాడు.

"ముప్పై రెండు ఫైళ్ళు ఈ పొద్దే తీసుకపోండి శెట్టిగారూ. సంతకాలు పెట్టినా. ఎనిమిది ఈడనే ఉంటాయి."

"పెద్దమనిషివి. నా మాట ఇను."

"ఇంటాండా. ఇరవై రెండు కనబడితే ఆరని ఎట్ల రాయాల? మీ అంగట్లో కొల్లాయి గుడ్డను పట్టు అని చెప్పి అమ్ముతారా?"

గురుమూర్తి నవ్వలేదు. కోపమూ తెచ్చుకోలేదు. వరండాలోకి వెళ్ళి ఫోను తీశాడు. పది నిమిషాలకు సిద్దయ్య ఫోను మోగింది. పై ఆఫీసులో పెద్దాయన.

"ఏంది సిద్దయ్యా, పిల్లల బతుకులతో ఆడుకుంటాండావంట?"

"లేదు సార్. ఎక్స్‌రే తీస్తామంటాండా."

"నువ్వు కాంట్రాక్టు మనిషివని గుర్తుండాదా?"

"ఏటేటా సంతకం పెట్టేది నేనే గదా సార్, ఎట్ల మరుస్తా? ఆ కాంట్రాక్టు కాగితంలో దొంగలెక్క రాయమని యాడా లేదు. ఉంటే చూపీండి."

అవతల ఫోను పెట్టేశారు. సిద్దయ్య ఎనిమిది ఫైళ్ళూ దగ్గరికి లాక్కున్నాడు. పులివెందుల ఆసుపత్రికి తనే ఫోను చేశాడు. పిల్లల వార్డు హెడ్డు నర్సు శ్యామలమ్మ ఆయనకు ఇరవయ్యేళ్ళ ఎరుక.

"శ్యామలమ్మా, రేపు కాలేజీ పిల్లోళ్ళు వస్తారు. ఎనిమిది పేర్లు చెప్తా, రాసుకో. ఏ జబ్బని నేను చెప్పను. కాగితాలు కాలేదు, అంతే. నా సంతకం లేకుండా ఒక్కరు గూడా నీ వార్డు గడప తొక్కకూడదు. మిగతా ముప్పై రెండుమందినీ మాత్రం ఎనక్కి పంపగాకు. మంచి పిల్లోళ్ళు."

"చెప్పు, రాసుకుంటాండా," అంది శ్యామలమ్మ. ఎందుకని అడగలేదు.

గురుమూర్తి తలుపు దగ్గర నిలబడి ఆ మాటలన్నీ విన్నాడు. ముప్పై రెండు ఫైళ్ళూ చంకన పెట్టుకుని, వెళ్ళేముందు అన్నాడు, "నీ మంచికి చెప్పినా సిద్దయ్యా."

"మీ పిల్లోళ్ళ మంచికే నేనూ చేసినా శెట్టిగారూ."

ఐదున్నరకు ఫోనులో ఆర్డరు కాగితం ఫోటో వచ్చింది. రేపటినుంచి సిద్దయ్య బ్రహ్మంగారిమఠం ఆసుపత్రిలో పనిచేయాలి. ఎన్నాళ్ళో రాయలేదు. గౌసియా చదివి ఏడుపుమొహం పెట్టింది. ఆయన మాత్రం రిజిస్టరు తెరిచి, ఎనిమిది పేర్ల ఎదుట ఎనిమిది కొలతలూ ఎర్రసిరాతో దిద్ది, కింద తేదీ, టైము వేసి సంతకం చేశాడు. ఇంటికెళ్ళి భార్య అక్కమ్మకు చెబితే, ఆమె మేకలకు తొట్టిలో నీళ్ళు పోస్తూనే అడిగింది, "తప్పు చేసినావా?"

"లేదు."

"అట్లయితే మఠంలో గూడా అన్నమే తింటారులే."

తెల్లవారి ఆరున్నరకు తాళాలు అప్పజెప్పడానికి ఆయన గది దగ్గరికి వెళ్ళేసరికి మెట్లమీద రేణుక కూర్చుని ఉంది. ప్రొద్దుటూరు నుంచి మొదటి బస్సుకు వచ్చింది. కాలేజీ బస్సు ఆ వేళకు పులివెందుల దారిలో ఉంటుంది. చున్నీ ముడి విప్పి డబ్బా చాచింది.

సిద్దయ్య వెలుతురుకు పెట్టి చూసి తల ఊపాడు. గౌసియాను ఇంటినుంచి పిలిపించాడు. డబ్బామీద పేరు రాయించి, కంప్యూటరులో ఎక్కించేదాకా కదల్లేదు. ఒకసారి అందులో ఎక్కితే జిల్లాలో ఎవడు చెప్పినా చెరిపేయడం ఈ గదిలో ఎవరివల్లా కాదు.

"నన్నింక నర్సు కానీయరా సార్?" అంది రేణుక.

"ఎవురు చెప్పినారు? జబ్బయితే ఆర్నెల్లు మాత్రలు. కొన్నివారాలు మింగినాక నీ దగ్గు ఎవురికీ అంటదు. డాక్టరు చూసి కాగితమిస్తాడు. పోగొట్టుకున్న దినాలు ఎనక చేసుకో. ఎవురన్నా కాదంటే నాకు ఫోను చెయ్. నన్ను చూడు, సగం ఊపిరితో ఇన్నేండ్లుగా అందురిమిందా అరుస్తాండా. నీకు రెండు తిత్తులూ ఉండాయి."

రేణుక మొదటిసారి నవ్వింది. నవ్వు దగ్గులోకి దిగింది. పక్కకు తిరిగి మోచేతిలో దగ్గింది. అది చూసి ఆయన, ఈ పిల్ల నర్సవుతుంది అనుకున్నాడు.

ఏడున్నర బస్సుకు వెళ్ళిపోయాడు. సాగనంపడానికి ఎవరూ లేరు. గౌసియా మిషను ముందునుంచి కదలకూడదు.

మఠం ఆసుపత్రిలో కూర్చోవడానికి ఆయనకింకా చోటు చూపలేదు. వేపచెట్టు కింద నిలబడి ఉండగా మధ్యాహ్నం ఫోను వచ్చింది.

"టీబీనే మామా," అంది గౌసియా. "మామూలు మాత్రలకే తగ్గేదంట. డాక్టరు ఇప్పుడే మొదలుపెట్టినాడు. ఆ యమ్మి నా ఎదురుంగానే మింగింది. శ్యామలమ్మ ఆ ఏడుగుర్నీ గేటుకాడనే నిలిపేసిందంట. ముప్పై రెండుమందినీ లోపలికి తీసుకుంది. బ్యాచిని వద్దనలేదు. శెట్టే ఆ ఏడుగుర్ని కార్లలో ఈడికి తెచ్చి ఎక్స్‌రేలు తీయించినాడు. అందురివీ బాగుండాయి."

"ఏమన్నా అనినాడా?"

"నీ గురించి అడిగినాడు. మఠం పోయినాడంటే తల దించుకున్నాడు."

సిద్దయ్య ఊఁ అన్నాడు. ఏ పసివాడికీ ఎవరి రొమ్మునా దగ్గు అంటకుండా ఆ పూట గడిచిపోయింది. అంతవరకు చాలు.

"ఇంకోటి మామా. నీ తువ్వాలు ఈడ కుర్చీ మీదనే మర్సిపోయినావు. నీ బదులు కొత్తాయన వచ్చినాడు. తీసి బీరువాలో పెట్టనా?"

"మర్సిపోలేదుమ్మా. బస్సులో సీటుకు ఏసినట్ల ఏసినా. తియ్యగాకు."

గౌసియా తీయలేదు. కొత్తాయన ఒక్కక్షణం చూసి, వరండాలోంచి స్టూలు లాక్కొచ్చుకుని దానిమీద కూర్చున్నాడు. పక్కన ఖాళీ కుర్చీలో ఎర్రగళ్ళ తువ్వాలు, ఒక కొస చెమటకు తెల్లబడి, మరో కొస ఫ్యాను గాలికి మెల్లగా కదులుతూ ఉంది.