దగ్గుతో ముగిసే నవ్వు

“మా ఇంట్లో ఒక దర్జీ ఉన్నాడండీ. పద్దెనిమిదేళ్ల నుంచీ ఉన్నాడు. నేను గే అని సభల్లో చెబుతుంటే వింటున్నారు కదా, ఆ మాటకు అర్థం మా ఇంట్లో ఆయనే.”

వయ్యారి మైకు ముందు ఆ మాట ముగించాడో లేదో, నాలుగు వందల మంది ఒక్కసారిగా పగలబడి నవ్వారు. నవ్వు చివర ఎవరో ఆడమనిషి దగ్గింది. స్టూడియో గదిలో మాత్రం అతనొక్కడే ఉన్నాడు.

అద్దం అవతల కంట్రోలు గదిలో నవ్వులావిడ క్యాసెట్ మీట మీద నుంచి వేలు తీసి తల దించుకుంది. వెనక నిలబడ్డ డైరెక్టరు తృప్తిగా తలూపి, పాట వెయ్యమని సైగ చేసి, ఫోనేదో చేసుకోవడానికి వరండాలోకి వెళ్లాడు.

ఉదయం కార్యక్రమంలో చలోక్తుల వెనక రికార్డు నవ్వు వెయ్యడం ఆ రేడియోలో మొదటినుంచీ ఉన్న పద్ధతే. ఆ మీట నొక్కేది కాబట్టి ఆమెకు నవ్వులావిడ అని పేరు పడింది గాని, ఆమె నవ్వగా చూసినవాళ్లు తక్కువ. రోజుకూలీ పని, రాని రోజుకు జీతం లేదు. భర్త పోయాక కూతురి చదువు దీనిమీదే నడుస్తోంది. కుర్చీలో కూర్చోబోయే ముందు కళ్లు మూసుకుని దేవుణ్ణి తలచుకోవడం ఆమె అలవాటు.

వయ్యారి తన సంగతి బయటపెట్టి, తనలాంటివాళ్ల హక్కుల కోసం సభలు మొదలుపెట్టినప్పటి నుంచి డైరెక్టరు కొత్త ఉత్తర్వు ఇచ్చాడు. అతను ఆ ఊసు ఎప్పుడెత్తినా నవ్వు పడాలి. కార్యక్రమం ఖర్చు భరించే సబ్బుల కంపెనీ వాళ్లకు కూడా ఆయన అదే సర్దిచెప్పాడు. మాట్లాడొద్దంటే గొడవవుతుంది, నవ్వు వేస్తే హాస్యం కింద పోతుంది అని.

పాట నడుస్తుండగా వయ్యారి కంట్రోలు గదిలోకి వచ్చాడు. అప్పుడే ఫోను మోగింది. నవ్వులావిడ ఎత్తి, విని, అతని చేతికిచ్చింది. ఆ ఫోనులో మాట గదంతా వినబడుతుంది.

“కొట్లో నలుగురున్నారు,” అన్నాడు దర్జీ, కొట్టు వెనక గదిలోంచి గొంతు తగ్గించి. “నలుగురూ నవ్వారు. నేనూ నవ్వాను.”

“నువ్వెందుకు నవ్వావు?”

“నవ్వకపోతే నావైపు చూస్తారు కదా. నోట్లో గుండుసూదులు పెట్టుకుని నవ్వాను, తెలుసా? ఇవాళ నా మాట చెబుతానన్నావని పొద్దున్నే గడ్డం గీసుకుని మరీ కూర్చున్నాను.”

వయ్యారి ఫోను రెండో చెవికి మార్చుకున్నాడు.

“ఇంకొక్కసారి ఆ నవ్వు వినబడిందంటే, మిషను బండెక్కించి మా అక్క ఇంటికి పోతాను. జనం నన్ను చూసి నవ్వితే పడతాను. నువ్వు మన గురించి చెబుతుంటే నవ్వితే పడలేను.”

ఫోను పెట్టేశాడు.

“అలిగాడు,” అన్నాడు వయ్యారి. “పెళ్లయినవాళ్లమైతే పుట్టింటికి పోతానన్నాడని చెప్పుకునేవాణ్ణి. మాకు ఆ మర్యాద కూడా లేదు.”

నవ్వులావిడ నవ్వలేదు. “ఈ క్యాసెట్‌లో నవ్వు ఎవరిదన్నయ్యా?” అని అడిగింది.

“నాదే చెల్లాయ్. అంటే, నన్ను చూసి నవ్వింది. ముప్పై ఏళ్ల కిందట ఒక హాల్లో రికార్డు చేశారు.”

అప్పట్లో నాటకానికీ నాటకానికీ మధ్య అతను భుజాన చిన్న గుడ్డ వేసుకుని, నడుం తిప్పుతూ స్టేజీకి ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచేవాడు. మాట కూడా అక్కర్లేదు, హాలు ఊగిపోయేది. వయ్యారి అన్న పేరు అక్కడే వచ్చింది.

“ఆ నడక నేర్చుకున్నది కాదమ్మా. చిన్నప్పుడు నేను అలాగే నడిచేవాణ్ణి. మా నాన్న బెల్టుతో మాన్పించాడు. స్టేజీ మీద నడిస్తే మాత్రం చప్పట్లు కొట్టారు. పోనీలే, ఇక్కడైనా నడవనిస్తున్నారు అనుకున్నాను. ఆ రోజు మూడో వరసలో ఒకావిడ నవ్వీ నవ్వీ దగ్గింది. ఆ దగ్గును పతకంలా చెప్పుకునేవాణ్ణి.” అతను క్యాసెట్ వైపు చూశాడు. “ఇప్పుడు అదే వచ్చి మా ఇంటిమీద పడుతోంది.”

ఆమె మీట మీది దుమ్ము కొంగుతో తుడిచింది. “మీ సంగతి తప్పో ఒప్పో నాకు తెలీదన్నయ్యా. మా పెద్దవాళ్లు తప్పనే చెప్పారు. కాని రోజూ దేవుణ్ణి తలచుకున్నాకే ఈ మీట మీద చెయ్యి వేస్తాను. ఒక మనిషి ఇంకో మనిషిని ఇన్నేళ్లు కనిపెట్టుకుని ఉన్నానని చెబుతుంటే, ఆ మాట మీద నవ్వు పొయ్యమని ఏ దేవుడు చెప్పాడా అనిపిస్తోంది.”

“నీ ఉద్యోగం పోతుంది, చూసుకో.”

“నేనేమీ అనలేదుగా.”

డైరెక్టరు లోపలికి వచ్చాడు. “ఏంటయ్యా, సభ ఇక్కడే పెట్టేశావా? పాట అయిపోవస్తోంది.”

“ఈసారి నవ్వు వద్దండి.”

“నీకు ఇన్నేళ్లు తిండి పెట్టిందే ఆ నవ్వు.”

“తిన్నాను, కాదనను. ఇక కడుపు నిండిందండి.”

“నిన్ను నోరు మూసుకోమన్నానా? చెప్పేది చెప్పుకో. జనం సరదాగా తీసుకుంటారు, అంతే కదా.”

“అదే వద్దంటున్నాను,” అని వయ్యారి వెళ్లి మైకు ముందు కూర్చున్నాడు. ఎర్ర దీపం వెలిగింది.

“ఇందాక నేనో మాట చెబితే మీకు నవ్వు వినబడింది. అది ఇప్పటిది కాదండి, ముప్పై ఏళ్ల పాతది. డబ్బాలో దాచిన సరుకు. అందుకని మళ్లీ చెబుతున్నాను. మా ఇంట్లో దర్జీ నాకు అద్దెకున్నవాడు కాదు, దూరపు చుట్టమూ కాదు. నా మనిషి. ఇద్దరం కలిసి ముసలివాళ్లమవుతున్నాం. మాకు ఇల్లు అద్దెకిమ్మంటున్నాం. ఒకరికి జబ్బు చేస్తే రెండోవాణ్ణి మంచం పక్కన కూర్చోనివ్వమంటున్నాం. సాయంత్రం కార్మికుల హాల్లో అదే అడుగుతాం. నవ్వడానికైనా రండి.”

“ఊఁ, వెయ్యి,” అన్నాడు డైరెక్టరు.

నవ్వులావిడ క్యాసెట్ బయటికి తీసి ఒళ్లో పెట్టుకుంది.

“ఏమ్మా, నీకే చెప్పేది.”

“వెయ్యనండి.”

“ఏమిటీ?”

“ఆయన చలోక్తి చెప్పినప్పుడు వేస్తాను. ఇది చలోక్తి కాదు.”

డైరెక్టరు చెయ్యి చాపాడు. “ఇలా ఇయ్యి.”

ఆమె రెండు చేతులూ క్యాసెట్ మీద మూసింది. “రేపటి నుంచి రావద్దంటే మానేస్తాను. ఇవాళ ఇది మాత్రం ఇవ్వను.”

అద్దం అవతల మైకు ముందు వయ్యారి ఎదురుచూస్తున్నాడు. నవ్వు కోసం ఎంతసేపు ఆగాలో అతనికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. అంతసేపూ ఆగాడు. రాలేదు. స్టేజీ మీద అలాంటి నిశ్శబ్దం వస్తే ఒకప్పుడు చెమటలు పట్టేవి. ఇప్పుడు అందులో నిటారుగా కూర్చున్నాడు.

దర్జీ కొట్లో కోటు కుట్టించుకోవడానికి వచ్చిన బడి మాస్టారు నవ్వడానికి అప్పటికే సగం నోరు తెరిచాడు. రేడియో నవ్వలేదు. ఆయన మిగతా ముగ్గురి వైపు చూశాడు. వాళ్లూ ఆయనవైపే చూస్తున్నారు. ఆగిపోయిన మిషను వైపు అందరూ ఒకేసారి తిరిగారు.

దర్జీ నోట్లోంచి గుండుసూదులు ఒక్కొక్కటే తీసి గుడ్డకు గుచ్చాడు.

“ఆయన చెప్పింది నా గురించేనండి,” అన్నాడు. మెడలో టేపు తీసి చాపాడు. “చెయ్యి ఎత్తండి మాస్టారూ, కొలత తీసుకోవాలి.”

మాస్టారి చెయ్యి ఇంకా లేవలేదు. దర్జీ టేపు దించలేదు.