కప్పేసిన చెయ్యి

మత్తు డాక్టరమ్మ పాత మత్తు వాయువు సీసాలను బీరువాలో పెట్టి తాళం వేసి నెల కావస్తోంది. దాన్ని గంటసేపు వాడితే చాలు, రోగి ఊపిరితో బయటికి పోయి, కారు వందల కిలోమీటర్లు తిరిగినంత చేటు వాతావరణానికి చేస్తుంది. అందుకే ఇప్పుడు మందును పంపుతో చేతి నరంలోకి ఎక్కిస్తోంది. ఒక్క కేసు చెడినా ఆ పంపును చెత్తలో పారేస్తానని సర్జన్ ముందే తేల్చేశాడు. ఆయనకు కోపం ముక్కుమీదే ఉంటుంది.

ఆ రోజు బల్లమీద బస్తాలు మోసే మనిషి. హెర్నియా ఆపరేషన్.

"ఆ చెయ్యి కప్పెయ్, నాకు అడ్డం!" అని గసిరాడు సర్జన్.

మందు గొట్టం ఊడితే కనబడేలా, సూది ఉన్న చెయ్యి కళ్ళెదుటే ఉండాలి. ఆ మాత్రం ఆమెకు తెలీదా? తెలుసు. అయినా ఆయన నోటికి జడిసి గుడ్డ కప్పేసింది. ఛీ, ఏం భయమో!

పావుగంటకు రోగి మూలిగాడు. ఏమిటా అని ఆమె తలెత్తేలోగా రెండో చెయ్యి కట్టు తెంచుకుని సర్జన్ ముక్కు పగలగొట్టింది. మాస్కంతా నెత్తురు.

"చూశావా నీ దిక్కుమాలిన పంపు!" అంటూ ఆయన చేతిలోని ఇనుప క్లాంపు విసిరాడు. ఆమె నుదురు చిట్లింది. ఆయన పంపు స్టాండును తన్నబోతే ఆమె మోచేత్తో డొక్కలో ఒక్కటిచ్చి, గుడ్డ లాగిపారేసింది. గుడ్డమీద సర్జన్ మోచెయ్యి ఆనించిన చోట గొట్టం ఊడిపోయి, మందంతా పరుపుమీద మడుగు కట్టింది. గొట్టం బిగించి మందు ఎక్కించింది. రోగి నిద్రలోకి జారాడు. మిగతా పని సర్జన్‌కు సాయంగా ఉన్న చిన్న డాక్టరు పూర్తిచేశాడు.

సాయంత్రం వార్డులో ఆ రోగి తన పిడికిలి చూసుకున్నాడు.

"కల వచ్చింది డాక్టరమ్మా. ఎవరో పొట్ట కోస్తున్నట్టు."

కల అని సరిపెట్టేస్తే పంపు బతుకుతుంది. ఆమె మంచం పక్కన కూర్చుంది.

"కల కాదన్నా. నీకు మెలకువ వచ్చింది. పంపు తప్పు కాదు, నాది. కప్పకూడని చెయ్యి కప్పాను."

అతను కళ్ళు తుడుచుకున్నాడు.

"ఎందుకు కప్పావమ్మా?"

"భయపడి."

మర్నాడు ముక్కుకు కట్టుతో సర్జన్ వచ్చాడు. కొత్త రోగి చేతిమీదికి గుడ్డ లాగాడు. ఆమె ఆయన మణికట్టు పట్టుకుని, ఎముక నొక్కుకునేలా బిగించింది.

"తియ్యండి సర్. లేదంటే ఇవాళ ఎవరికీ మత్తివ్వను."

గుడ్డ తీసేదాకా ఆమె ఆ పట్టు వదల్లేదు.