ముగ్గురి చేతి మందు

వంటింట్లో వాదన మూడోరోజుకు వచ్చింది. వీరభద్రయ్య షుగరుకు మెంతుల నీళ్ళను మించింది లేదని భార్య వసంతలక్ష్మి, కాకరరసమని కోడలు చైత్ర, పొడపత్రి చూర్ణమని అరకేర నుంచి వచ్చిన ఆడపడుచు పంపమ్మ. మనవరాలి తొట్టెల పండుగకు కర్జికాయల పిండి కలుపుతూనే ముగ్గురూ ఒకరి మందును ఒకరు తీసిపారేస్తున్నారు.

"నాది చెట్టు ఆకు. చెట్టుది మనిషినేం చేస్తది?" అంది పంపమ్మ.

వీరభద్రయ్య ఆ గొడవను తన పద్ధతిలో ముందే తీర్చేశాడు. పెరట్లో భార్యను పక్కకు పిలిచి, నీదొక్కటే తాగుతున్నాను, మిగతావి పారబోస్తున్నాను అన్నాడు. అదే మాట కోడలికీ చెప్పాడు. అక్కకూ చెప్పాడు. ముగ్గురూ గెలిచారు. ఓడిన ఇద్దరికీ అనుమానం రాకూడదని ఎవరికి వారే వాదన కొనసాగిస్తున్నారు.

మొదటిరోజు పారబోద్దామనే అనుకున్నాడు. కరివేపాకు చెట్టు మొదట్లో గ్లాసు వంచాడు కూడా. పసిపిల్లను భుజాన వేసుకుని కాకరకాయ పిండిన చైత్ర వేళ్ళు గుర్తొచ్చి, మళ్ళీ నిలబెట్టాడు. మూడూ తాగాడు. ఆపైన డాక్టరు రాసిచ్చిన గోలీ. ఈ రోజూ అంతే.

అతను కన్నడ సరిహద్దులోని థర్మల్ ప్లాంటులో బొగ్గు మోసే బెల్టు దగ్గర పనివాడు. పొట్టిగా, గట్టిగా ఉంటాడు. ఎంత రుద్దినా చెవుల మడతల్లో, గోళ్ళ అంచుల్లో నల్లటి గీత పోదు. బెల్టు కింద రాలిన బొగ్గును పారతో ఎత్తుతుంటాడు. వద్దు అనడం అతని నోట ఎవరూ వినలేదు. ఎవరింట్లో పెళ్ళయినా మారేది అతని షిఫ్టే. దేవసూగూరు జాతరలో తోటివాళ్ళు ఇచ్చిన కొబ్బరికాయలన్నీ వరుసలో నిలబడి కొట్టించి, తనది సంచిలోనే మరచి ఇంటికి తెచ్చిన మనిషి.

ఆ ఉదయం అతని నడకలోనే సంబరం కనిపిస్తోంది. సాయంత్రం పిల్లను మొదటిసారి తొట్టెలలో వేయాల్సింది తాత. అది ఆ ఇంటి ఆచారం. టవలును చుట్టి, రెండు చేతుల మీద పడుకోబెట్టి, తల ఎలా పట్టుకోవాలో బెల్టు దగ్గర తోటి పనివాడు భీమప్పకు చూపించాడు. నీ మనవరాలికి అప్పుడే మీసాలొచ్చాయని భీమప్ప టవలు పోగులు చూపించి నవ్వాడు.

టిఫిను డబ్బా విప్పే వేళకు బెల్టు కింద బొగ్గు కుప్పపడింది. ఎత్తేసి తిందామనుకున్నాడు. సగం ఎత్తేసరికి ఒళ్ళంతా చల్లటి చెమట పట్టింది. పార చేతిలోంచి జారింది. మెట్ల మీద కూలబడిపోయిన వాణ్ణి భీమప్ప ఎత్తి పట్టుకుని డిస్పెన్సరీకి చేర్చాడు.

నర్సు కావేరి వేలు పొడిచి చూసి, చక్కెర బాగా పడిపోయిందని గ్లూకోజు నీళ్ళు తాగించింది. కాస్త తేరుకున్నాక, పొద్దున ఏం తిన్నావని కన్నడలో అడిగింది. తినలేదు, తాగానని మూడింటి పేర్లూ చెప్పాడు. ఆమె వెంటనే డాక్టరును పిలిచింది. గోలీ చేసే పనే ఇవీ చేస్తాయని, ఆకైనా గింజైనా కలిపితే చక్కెర ఎంతకు దిగుతుందో చెప్పలేమని, అడగకుండా ఏదీ తాగొద్దని డాక్టరు మందలించాడు.

వీరభద్రయ్యకు అది బెల్టులా అర్థమైంది. బెల్టుకు తగిన మోటారు ఒకటుంటుంది. అడగకుండా ఇంకో మూడు బిగిస్తే, మోటార్లు మంచివే అయినా, తెగేది బెల్టు.

అతని భయం వేరే. చేతులు ఇంకా వణుకుతున్నాయి. ఈ చేతుల్లో పిల్లను ఎవరు పెడతారు? భీమప్ప జొన్నరొట్టె పప్పులో ముంచి తుంచి తినిపించాడు. కాసేపాగి టవలును మళ్ళీ చుట్టి అతని చేతుల మీద పెట్టాడు. అది కదిలింది. ఇంకో రొట్టె తినిపించి మళ్ళీ పెట్టాడు. ఈసారి కదల్లేదు. నర్సు మరోసారి వేలు పొడిచి చూసి, ఇంటికి వెళ్ళమంది.

సాయంత్రం కొడుకు నిఖిలేశ్ తొట్టెల తాళ్ళు లాగి చూసి, అమ్మానాన్నలను పిలిచాడు. ఆడవాళ్ళు పిల్లను తొట్టెల కింది నుంచి పైకి అందించుకుని, చివరకు తాత చేతుల్లో పెట్టారు. వీరభద్రయ్య ఒక్కసారి తన చేతుల వైపు చూసుకున్నాడు. నిలకడగా ఉన్నాయి. పంపమ్మ పిల్ల చెవిలో సంజన అని పేరు చెప్పింది. అతను పిల్లను మెల్లగా దించాడు. పిల్ల అతని నల్లటి చూపుడువేలు పట్టుకుంది, వదల్లేదు. అలా వంగే, తలెత్తకుండానే చెప్పాడు.

"రేపటి సంది డాక్టరు రాసిన గోలీ ఒక్కటే. మీ మందులు వద్దు. మూడూ తాగిన. ముగ్గురికీ అబద్ధం చెప్పిన. ఇయ్యాల ప్లాంటుల పడిపోయిన."

వసంతలక్ష్మి అతని నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

"మరి నాకు మిగతావి పారబోస్తున్న అన్నవు?" అంది.

"నాక్కూడా గట్లనే చెప్పిండు, అత్తమ్మా," అంది చైత్ర.

ఇద్దరూ పంపమ్మ వైపు తిరిగారు. అక్క మొహం చూడటానికి వీరభద్రయ్యకు ధైర్యం చాలలేదు. ముందు వినిపించింది ఆమె నవ్వే.

"చిన్నప్పుడు గూడ గింతే వీడు. అమ్మ పెడితే తింటుండె, నేను పెడితే మల్ల తింటుండె, కడుపు పట్టుకొని ఏడుస్తుండె. వద్దు అననీకె తాత కావాల్సొచ్చిందిరా నీకు."

మిగిలినవాళ్ళూ నవ్వేశారు. వసంతలక్ష్మి కళ్ళు తుడుచుకుని, అతనికి కడుపునిండా అన్నం వడ్డించింది.

చీకటి పడకముందే పంపమ్మ అరకేర బస్సుకు బయలుదేరింది. పోయేముందు పెరట్లోకి వెళ్ళి, తన ఇత్తడి డబ్బాలోని చూర్ణం కరివేపాకు మొదట్లో గుమ్మరించి, చింతపండు రుద్ది కడిగి తుడిచి, తొట్టెల దగ్గరికి పట్టుకెళ్ళింది. తమ్ముడు బస్సెక్కించి తిరిగొచ్చేసరికి ఇల్లు సద్దుమణిగింది. తొట్టెల తాడుకు, పిల్ల చేతికి అందనంత ఎత్తులో ఆ డబ్బా వేలాడుతోంది. మూత చుట్టూ గుడ్డ బిగించి ఉంది. సంజన కాలు తన్నినప్పుడల్లా లోపల చింతగింజలు గలగలమంటున్నాయి.