మోరలైజ్‌కి ఒక సొంత వాక్యం

వేసవి సెలవులకు ముందు చివరి శుక్రవారం తొమ్మిదో తరగతికి ‘మోరలైజ్’ అనే ఇంగ్లీషు మాట చెప్పాను. నీతులు చెప్పడమే గానీ, మెచ్చుకుంటూ వాడే మాట కాదన్నాను. తన సంగతి చూసుకోకుండా, ఎవరూ అడక్కుండా, ఊరందరికీ మంచీ చెడూ బోధించేవాణ్ణి అలా అంటారని వివరించాను. కొత్త మాట చెప్పాక గైడులోంచి వాక్యం ఎక్కించుకొస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఎవరింట్లో జరిగిన సంగతి వాళ్లు రాసి నా బల్ల దగ్గరికి తేవాలి. విడవలూరు మండలంలో ముప్ఫై ఏళ్లుగా ఇదే నా పద్ధతి. దాని మీద నాకు కాస్త గర్వం కూడా.

పల్లెపాలెం జాలరి కామాక్షయ్య కూతురు మహాలక్ష్మి నోటుబుక్కు నా ముందు పెట్టింది. ఆ పిల్ల ఇంగ్లీషులో రాసింది తెలుగులో చెబుతాను.

‘సోమవారం ప్రార్థనలో పద్మనాభయ్య సార్ మోరలైజ్ చేశారు. వేసవి చేపల వేట నిషేధంలో సముద్రం మీదికి వెళ్లేవాడు గుడ్ల చేపను చంపే పాపి అన్నారు. బోర్డు మీద మత్స్యశాఖ ఫోన్ నంబరు రాశారు. బుధవారం తెల్లారి మా నాన్న పడవ తీశాడు. నేను ఆ నంబరుకు ఫోన్ చేశాను. నాన్న చేప దించుకుని వెళ్లాక వాళ్లొచ్చి పడవ పట్టుకుపోయారు. నాన్న వెళ్లింది సార్ ఇంటికి వంజరం చేప తేవడానికని నాకు తర్వాత తెలిసింది.’

ఆ పద్మనాభయ్య సార్‌ని నేనే. మళ్లీ చదివాను. అక్షరాలు మారలేదు.

మంగళవారం మా బావమరిది నరేంద్రబాబు సంగం నుంచి వస్తున్నాడంటే, కామాక్షయ్యకు ఫోన్ చేసి మంచి వంజరం తెప్పించమని మా ఆవిడకు చెప్పింది నేనే. నిషేధం గుర్తు రాలేదా అంటే, వచ్చింది. ఒక్క చేపకేమవుతుందిలే అనుకున్నాను. బుధవారం మధ్యాహ్నం, ఎవరిదో పడవ పట్టుకున్నారని వినగానే, “బాగా అయింది!” అన్నాను కూడా. అప్పుడు నా చేతిలో ఉన్నది ఆ వంజరం ముక్కే. ఛీ, ఇదీ ఒక నోరేనా!

“సార్, ఆ మాట ఇక్కడ సరిపోయిందా?” అంది మహాలక్ష్మి. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అడుగుతోంది. తర్వాత గొంతు తగ్గించింది. “ఫోన్ చేసింది నేనని మా నాయనకి తెలవదు సార్. తెలిస్తే నా మొగం చూడడు. బడి మాన్పించేస్తాడు.”

నేను నోరు తెరిచేలోగా గుమ్మంలో కామాక్షయ్య నిలబడి ఉన్నాడు. మహాలక్ష్మి నోటుబుక్కు మీద చెయ్యి అడ్డం పెట్టింది.

“సార్, ఒక్క మాట. ఆ నంబరు బోర్డు మీద రాసింది మీరంట గదా. ఫోన్ చేసింది ఎవురు? ఈ పిల్లకాయల్లోనే ఎవురన్నానా?”

సత్యమే పలకాలని ఈ బడిలో నేను చెప్పినన్నిసార్లు ఎవరూ చెప్పి ఉండరు.

“పిల్లకాయలు కాదు. నేనే చేసినా కామాక్షయ్యా.”

కోప్పడతాడనుకున్నాను, తిడతాడనుకున్నాను. అదేమీ లేదు.

“చేప మీ వంటింట్లో పెట్టి పోయినా గదా సార్. నా చేత తెప్పించుకోని నన్నే పట్టించినారా?”

“మత్స్యశాఖ ఆఫీసుకి నేనూ వస్తా. నేను తెప్పించుకున్నానని రాసిస్తా.”

“మీ మాట నాకొద్దు సార్,” అని కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయాడు. నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. అయినా మర్నాడు ఆఫీసుకు వెళ్లాలనే అనుకున్నాను, అతను వద్దన్నా సరే.

మహాలక్ష్మి పెన్ను తీసింది. “మొత్తం కొట్టేస్తా సార్.”

“నువ్వు ఫోన్ చేసినావన్న ముక్క ఒక్కటే కొట్టెయ్‌మ్మా,” అన్నాను. “మొదటిదీ, చివరిదీ ఉండనీ. మాట సరిగ్గానే వాడినావు.”

ఆ పిల్ల కొట్టేసేదాకా ఆగి, మొదటి వాక్యం పక్కన ఎర్ర సిరాతో రైటు కొట్టి, కింద నా సంతకం పెట్టాను.