తలకిందులైన పద్నాలుగో గొట్టం

సముద్రం అడుగున గొట్టాలు దించి తవ్వి తెచ్చిన మట్టి నమూనాల పాత వివరాలను కంప్యూటర్లోకి ఎక్కించడం ఆమె ఉద్యోగం. చెమ్మవాసన కొట్టే నేలమాళిగ గదిలో కూర్చుని, ముప్పై ఏళ్లనాటి ఓడ పుస్తకం తిరగేస్తూ ఒక పేజీ దగ్గర ఆగిపోయింది. పక్కన పెన్సిల్‌తో ఎవరో రాశారు: "పద్నాలుగో గొట్టం తలకిందులైంది. పైభాగమని గుర్తు పెట్టింది నిజానికి అడుగు."

అచ్చయిన నివేదికలో ఆ మాటే లేదు. ఆ గొట్టంలోని మట్టిని చూపించే, సముద్రం ఒక్కసారిగా చల్లబడిందని ఆ ఓడ మీద శాస్త్రవేత్తగా వెళ్లిన ఆమె మామగారు నిరూపించారు. గొప్ప పేరొచ్చింది. అడుగు మట్టి పాత కాలానిది, పైది కొత్తది; గొట్టం తలకిందులైతే కాలమూ తిరగబడుతుంది. అంటే సముద్రం చల్లబడలేదు, వేడెక్కింది.

సాయంత్రం ఆ పేజీ నకలు ఆయన ముందు పెట్టింది. ఆయన కళ్లద్దాల కోసం చెయ్యి కూడా చాచలేదు.

"తెలుసమ్మా. అది గొట్టాలయ్య రాత. నమూనాలు పైకి లాగే టెక్నీషియన్. మేం పెట్టిన పేరే అది. అప్పుడే వచ్చి చెప్పాడు. గొట్టాలు కడిగేవాడు నాకు పాఠాలు చెప్తాడా అని నవ్వాను. ఓడంతా నవ్వింది."

"తర్వాత?"

"మళ్లీ ఓడ ఎక్కనివ్వలేదు. వద్దన్నది నేనే."

ఆమె నకలు తీసి మడుస్తుంటే ఆయన అడిగారు.

"నేను పోయాక దిద్దకూడదా అమ్మా? ఇంకెన్నాళ్లు ఉంటానని?"

ఈ పనిలో ఆమెకు ఓనమాలు నేర్పింది ఆయనే. రెండు రోజులు పేజీని పక్కన పెట్టేసింది. మూడోరోజు ఒక పరిశోధక విద్యార్థిని ఆమె ఆఫీసుకు ఉత్తరం రాసింది: "నాలుగేళ్లుగా పద్నాలుగో గొట్టంతో కుస్తీ పడుతున్నాను. నా తప్పెక్కడో చెప్పగలరా?"

ఆమె సవరణ ఎక్కించింది. కింద టెక్నీషియన్ అసలు పేరు రాసింది.

"దిద్దేశాను మామయ్యా," అంది ఇంటికొచ్చి.

ఆయన కోప్పడలేదు. "వాడి నంబరు దొరుకుతుందేమో చూడు," అన్నారు.

పాత సిబ్బంది జాబితాలో వెతికి ఫోన్ కలిపింది. టెక్నీషియన్ కూతురు ఎత్తింది.

"నాన్న పోయి ఆరేళ్లయిందండీ. ఎవరు మాట్లాడేది?"

మామగారు ఫోన్ అందుకుని తన పేరు చెప్పారు.

"మా ఇంట్లో ఆ పేరు ఎత్తేవాళ్లం కాదండీ," అని ఆ కూతురు ఫోన్ పెట్టేసింది.

ఆ రోజునుంచి మామగారు భోజనాల బల్ల దగ్గరకు రావడం మానేశారు. కోడలే కంచం గదిలోకి తీసుకెళ్తుంది. ఆయన గోడవైపు తిరిగి పడుకుని ఉంటారు. పిలిస్తే "ఊ" అంటారు, లేవరు. ఆమె కంచం మీద మూత పెట్టి, కాసేపు నిలబడి, తలుపు దగ్గరగా వేసి వచ్చేస్తుంది.